గాటు లేని బోర్డు

పోయిన వారం సుకుమార్‌ని రేణిగుంట దాటాక, చక్రధర్ బోర్డుల ఫ్యాక్టరీ గేటు ముందు, బండి మీదనే వదిలేసి వచ్చాం. ఇంజను ఆపలేదు. లోపలికి పోలేదు. వెనక్కీ తిరగలేదు. ఆ గేటు దాటనని అతను ఒట్టు పెట్టుకుని చాలా ఏళ్ళయింది. ఒట్టు పెట్టుకోవడానికేముంది, కడుపు నిండిన రోజున ఎవరైనా పెట్టుకోవచ్చు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. తిరుపతిలో మోటార్లు, స్టార్టర్లు బాగుచేసే చిన్న షాపు సుకుమార్‌ది. చదువు ఎనిమిదిలోనే ఆగింది. ఇన్నేళ్ళూ ఎవరెవరో చేసిన సర్క్యూట్ బోర్డులకు ప్రాణం పోస్తూ బతికాడు. యాభైకి దగ్గర పడ్డాక మొదటిసారి తనదంటూ ఒక బోర్డు చేశాడు. పలమనేరు చుట్టుపక్కల ఊళ్ళల్లో పాలు చల్లబరిచే కూలర్లకు అది కాపలా. కరెంటు పోయి వచ్చినప్పుడు కంప్రెసర్ ఎగిరిపడి కాలిపోకుండా, ఓల్టేజీ కుదుటపడేదాకా ఆపి, ఆ తర్వాత తిప్పుతుంది. బోర్డు మీద తెల్లటి అక్షరాలతో వాళ్ళమ్మ పేరు వేయించాడు. సంతోషమ్మ.

మొదటి విడత బోర్డులు బెంగుళూరు ఏజెంటు ఎక్కడో చేయించి తెచ్చిచ్చాడు. రంధ్రాల లోపల రాగి పూత పలచన. కూలరు అదురుకు అది చిట్లిపోయింది. ఒక ఊళ్ళో కంప్రెసర్ తిరగలేదు, తెల్లారి మూత తీస్తే పాలన్నీ విరిగి ఉన్నాయి. పాల సంఘం కమిటీ అతన్ని అక్కడికక్కడే తరిమేసేది. ప్రెసిడెంటు శకుంతలమ్మ లేచి, ఇంకొక్క తూరి చూద్దామని తన మాట అడ్డం పెట్టింది. ఈ వచ్చే సోమవారానికి మంచి బోర్డులు రాకపోతే ఆ పని ఉత్తరాది కంపెనీకి పోతుంది, ఆమె కుర్చీ కూడా దాంతోపాటే పోతుంది. ఆ సాయంత్రం సుకుమార్ బోర్డు బొమ్మ, అంటే దాని డిజైను, మొత్తం ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. "నాకేమన్నా అయినా బోర్డు ఆగకూడదక్కా" అన్నాడు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది.

ఇక గేటు దగ్గరికి పోదాం.

"మామా, పెట్రోలు కాలేది మనదే" అంది వెనక కూర్చున్న గ్రేసీ. "లోపలికన్నా పో, ఇంటికన్నా పో."

గ్రేసీ అతని అక్క కూతురు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివింది. సుకుమార్ బుర్రలో ఉన్నదాన్ని కంప్యూటర్లో గీతలుగా మార్చేది ఆమే.

"ఈడికొస్తాండామని ఎవురికన్నా చెప్పినావా?"

"యాడికి పోతాండామో నాకే చెప్పలేదు గదా నువ్వు. కరకంబాడి రోడ్డుకు తిరిగినాక తెలిసింది."

"మీ అత్తకు?"

"అత్త మనం చెన్నైకి పోతాండామనుకోని టమోటా అన్నం కట్టిచ్చింది. బ్యాగులో ఉండాది. రోంత తినేసి ఆలోచించుకుందామా?"

నవ్వాల్సిన మాటే. సుకుమార్ నవ్వలేదు.

చెన్నైకి పోయి లాభం లేదని అతనికి నిన్ననే తెలిసింది. అక్కడి ఫ్యాక్టరీవాళ్ళు వెయ్యికి తక్కువైతే మిషను ఆన్ చెయ్యం అన్నారు. కోయంబత్తూరులో చిన్న ఆర్డర్లు పడతారు గానీ, మన వరస వచ్చేసరికి దసరా దాటుతుంది. చైనాకు పంపిస్తే మంచి బోర్డులే వస్తాయి, చౌక కూడా. కానీ పార్సెల్ కస్టమ్స్‌లో పడిందంటే అది ఎప్పుడు బయటికొస్తుందో ఏ జోస్యుడూ చెప్పలేడు. బెంగుళూరు ఏజెంటు మళ్ళీ చేయిస్తానంటాడు. ఎక్కడ చేయిస్తాడో మాత్రం చెప్పడు. ఈ దేశంలో వెయ్యి బోర్డులు అడిగేవాడు సారు. పాతిక అడిగేవాడు బిచ్చగాడు. గుమ్మం బయటే నిలబెట్టి, రేపు రా అంటారు.

ఇన్ని చోట్లకు బొమ్మ పంపేటప్పుడు సుకుమార్ ఒక పని చేశాడు. అది వాళ్ళ నాయన ఎల్లప్ప దగ్గర నేర్చిన విద్య. ఎల్లప్ప ఊరందరి మేకలూ కాసేవాడు. మందలో ఎవరి మేక ఏదో తెలియడానికి చెవికి గాటు పెట్టేవాళ్ళు. ఒక ఇంటిదానికి ఎడమ చెవికి, ఇంకొక ఇంటిదానికి కుడి చెవికి, మరొకరిదానికి రెంటికీ. ఎల్లప్పకు సొంతానికి ఒకే మేక. దానికి గాటు లేదు. "సొంతదానికి గాటెందుకురా? మొగం సూస్తే తెలీదా?" అనేవాడు.

బోర్డుకూ అదే పద్ధతి. బెంగుళూరుకు పోయిన బొమ్మకు ఎడమ అంచున గోరంత నొక్కు. చెన్నైదానికి కుడి అంచున. కోయంబత్తూరుదానికి రెండు పక్కలా. రేపు ఎవడైనా కాపీ కొట్టి అమ్మితే, అది ఏ దొడ్లోంచి పోయిందో అంచు తడిమితే తెలిసిపోతుంది. "నొక్కు పెట్టినచోట రాగిగీత వంచి తిప్పాల్సొస్తాది మామా, నీ మేకల పిచ్చికి" అని గ్రేసీ విసుక్కుంటూనే గీసింది. గాటు లేని బొమ్మ ఇంట్లో ఉండిపోయింది.

సుకుమార్ ఇంజను ఆపాడు.

గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి వాళ్ళ ఫోన్ల కెమెరాల మీద ఎర్ర స్టిక్కర్లు అంటించాడు. "సుకుమార్ సారేనా? పంపీమని సారు చెప్పినాడు, పోండి" అన్నాడు.

"మనమొస్తామని ఎట్ల తెలుసు మామా?" గ్రేసీ గుసగుసగా అడిగింది.

సుకుమార్ గేటు పైన ఉన్న సీసీ కెమెరా వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "ఇంతసేపూ మనం బండి మీద ఆడుతున్న నాటకం సూస్తానే ఉన్నింటాడు."

ఏసీ గదిలోంచి చక్రధర్ లేచి ఎదురొచ్చాడు. జుట్టుకు రంగేశాడు, మీసానికి వెయ్యడం మర్చిపోయాడు. గోడ మీద ఒక పక్క వెంకటేశ్వరస్వామి, ఇంకో పక్క శ్రీహరికోటలో లేస్తున్న రాకెట్టు. రెండూ ఒకే కొలత ఫ్రేములు. ఆ రాకెట్టులో చక్రధర్ బోర్డు ఒక్కటీ లేదు. ఫోటోకు బోర్డు అక్కర్లేదు, మేకు చాలు.

"రాప్పా సుకుమారూ! ఇన్నేండ్లకు దోవ తెలిసిందా?"

"దోవ ఎప్పుడూ తెలుసు. పనే పడలేదు."

"ఇప్పుడు పడిందన్నమాట." చక్రధర్ నవ్వాడు. "ఈ పాప?"

"మా అక్క కూతురు, గ్రేసీ. బోర్డు గీసింది ఈమే."

"కూసోమ్మా. ఏసీ ఎక్కువైతే చెప్పు."

టీ వచ్చింది. ముగ్గురికీ పేపరు కప్పులే. సుకుమార్ ఆ కప్పును కాసేపు చూస్తూ ఉండిపోయాడు. వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ ఓబయ్య రేడియో షాపులో ఒకే బల్ల మీద పని చేశారు. చక్రధర్ స్టీలు గ్లాసు లోపల అలమరలో ఉండేది. సుకుమార్ గాజు గ్లాసు వెనక కిటికీ మీద ఉండేది. తాగి, తనే కడిగి, అక్కడే బోర్లించాలి. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు, గ్లాసే చెప్తుంది. ఇప్పుడు అందరికీ పేపరు కప్పు, తాగినాక అందరివీ ఒకే బుట్టలోకి. లోకం బాగుపడిందని కొందరంటారు. మారింది గ్లాసేనని సుకుమార్ అనుమానం.

"విన్నానప్పా" అన్నాడు చక్రధర్. "పలమనేరులో పాలు విరిగినాయంట."

"ఎవురు చెప్పినారు?"

"పాలు విరిగితే వాసన రాకుండా ఉంటాదా?"

సుకుమార్ టీ తాగలేదు. గ్రేసీ తాగేసి, కప్పు పక్కన పెట్టి, ఒడిలో చేతులు కట్టుకుని మొదలుపెట్టింది. "సార్, రంధ్రాల లోపల రాగి ఎంత మందం వస్తాది మీ కాడ? మాకు పోయిన తూరి దెబ్బ ఆడే తగిలింది."

చక్రధర్‌కి ఆ ప్రశ్న నచ్చినట్టుంది. సొరుగులోంచి రూపాయంత గాజులాంటి బిళ్ళ ఒకటి తీసి, భూతద్దంతో సహా ఆమె ముందు పెట్టాడు. "ప్రతి షీటు నుంచీ ఒక ముక్క కోస్తామమ్మా. జిగురులో పోత పోసి, సాన పట్టి, రంధ్రాన్ని నిలువునా చీల్చి సూస్తాం. మాటలెందుకు, నువ్వే సూడు."

గ్రేసీ చూసింది. చాలాసేపు చూసి సుకుమార్‌కి ఇచ్చింది. అతను తప్పు వెతకడానికే కన్ను పెట్టాడు. చీలిన రంధ్రం గోడల వెంబడి రాగి ఎక్కడా తెగకుండా, మూల తిరిగేచోట కూడా అదే మందంతో, చెక్కిన గాజులా మెరుస్తూ ఉంది. ఒక్క లోపం దొరికినా అతనికి ఆ పూట హాయిగా ఉండేది. శత్రువు చెడ్డవాడైతే ఓర్చుకోవచ్చు. పని బాగా చేసేవాడైతే ఎక్కడికి పోవాలి?

"ప్రతి బోర్డుకూ కరెంటు పెట్టి పరీక్ష చేస్తారా, షీటుకొకటి పట్టి వదిలేస్తారా?"

"ప్రతిదానికీ. సూదులతో పొడిచి సూసే మిషను ఉండాది."

"పాతిక బోర్డులకైనా?"

"ఐదుకైనా చేస్తానమ్మా. చిన్న ఆర్డర్లన్నీ పక్కపక్కన పేర్చి ఒకే షీటు మీద చేస్తాం. తిరునాళ్ళలో ఒకే పెనం మీద నలుగురికీ దోసెలు పోసినట్టు. పెనం ఒకటే, మంట ఒకటే. అందుకే చిన్నోళ్ళకు గిట్టుతాది. చేసినాక ఎవురిది వాళ్ళకు విరిచి ఇస్తాం."

గ్రేసీ సుకుమార్ వైపు వంగింది. "మామా, మనకు ఇంతకన్నా మంచోళ్ళు దొరకరు."

"బోర్డు మంచిదే. మడిసి?"

"కూలర్లో పెట్టేది బోర్డును గదా మామా. మడిసిని పెట్టం."

చక్రధర్‌కి వినబడింది. పగలబడి నవ్వాడు. నవ్వు ఆగాక కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "సోమవారానికి ఇస్తాను. నాది ఒకటే మాట. బోర్డు మీద మా కంపెనీ పేరుండాల."

సుకుమార్ ఎదురుచూసిన మాటే అది. వినడానికే వచ్చినట్టుంది.

"ఆ పొద్దు స్టార్టరు బోర్డుకు కూడా ఇదే చెప్పినావు" అన్నాడు. "పేరుదేముందప్పా, పని గదా ముఖ్యం అన్నావు. రాత్రీ పగలూ కూర్చుని కట్టింది నేను. సంతల్లో అమ్ముడుపోయింది నీ పేరు మీద. ఈ బిల్డింగు దాని మీదనే లేచింది."

"బిల్డింగు మా నాయన భూమి అమ్మి కట్టినాను. నీ స్టార్టరు ఒక గోడకు కూడా సాలదు."

"అట్లయితే ఆ గోడ నాకిచ్చెయ్."

గ్రేసీ నవ్వాపుకోవడానికి పక్కకు తిరిగింది. చక్రధర్‌కి మాత్రం ఈసారి నవ్వు రాలేదు.

"అది కాదప్పా. సంతోషమ్మ, సంతోషమ్మ అంటావు. ఎవురికి తెలుసు ఆ పేరు?"

"నీకు తెలుసు. ఓబయ్య షాపుకు వచ్చి గడప బయట నిలబడి నన్ను పిలిచేది గదా. ఊరి పాలన్నీ క్యాన్లో నెత్తిన పెట్టుకోని కేంద్రానికి మోసింది మా అమ్మ. మూత బిగించిన క్యాను మొయ్యొచ్చు. మూత మాత్రం ఆమె తియ్యకూడదు. తీసేదానికి ఇంకొకరొచ్చేవాళ్ళు. మోసి మోసి మెడ పక్కకు ఒరిగి, అట్నే కన్నుమూసింది. అందుకే ఆ పేరు కూలరు లోపల ఉండాల. బయట కాదు, లోపల."

కిటికీలోంచి దూరాన తిరుమల కొండ నీలంగా కనబడుతోంది. ఘాట్‌రోడ్డు బస్సుల అద్దాలు ఎండకు అప్పుడప్పుడు మెరుస్తున్నాయి. అక్కడికి పోయేవాళ్ళకు మొక్కులుంటాయి, తీరితే జుట్టిచ్చి వస్తారు. ఇక్కడ ఇవ్వాల్సింది జుట్టు కాదు.

సుకుమార్ సోమవారం గురించి ఆలోచించాడు. శకుంతలమ్మ కమిటీ ముందు ఒంటరిగా నిలబడటం గురించి ఆలోచించాడు. కమిటీ వద్దన్నా ఆమె అతని కోసం మాట పడింది. అతనికి పేరు కావాలా, ఆమె మాట నిలబడటం కావాలా? రెండూ కావాలి. రెండూ దొరికే అంగడి లేదు.

"ముందు మీ పని సూపించు" అన్నాడు. "సూసినాక చెప్తా."

ఒప్పుకోవడంలో అది మొదటి మెట్టని గదిలో ముగ్గురికీ తెలుసు. అయినా చక్రధర్ లేవలేదు. "లోపల యాల అప్పా? కెమికల్ వాసన. ఈడే మాట్లాడుకుందాం."

"చేసేచోటు సూడకుండా ఆర్డరిచ్చి ఒక తూరి పాలు విరగ్గొట్టుకున్నాం సార్" అంది గ్రేసీ, అప్పటికే లేచి నిలబడి.

తలకు నీలం టోపీలు, కాళ్ళకు రబ్బరు చెప్పులు ఇచ్చారు. రాగి పూత పూసే తొట్ల దగ్గర వాసన ముక్కును కోసేస్తోంది. పసుపురంగు లైట్ల గది ఒకటి, డ్రిల్లింగ్ మిషన్ల గది ఒకటి దాటారు. చక్రధర్ ప్రతిచోటా తొందరగా నడిచాడు. చివర్లో అద్దాల తలుపు వెనక పొడవాటి బల్ల. బల్ల మీద పూర్తయిన షీట్లు ఆకుపచ్చగా, తడి ఆరని అరిటాకుల్లా దొంతర పెట్టి ఉన్నాయి.

"ఆడేం లేదు, పాత ఆర్డర్లు" అన్నాడు చక్రధర్. "ఇట్ల రాండి."

సుకుమార్ అటు పోలేదు. కన్నతల్లి వెయ్యిమందిలో బిడ్డ నడకను గుర్తుపడుతుందంటారు. బోర్డు చేసినవాడు గీతల నడకను గుర్తుపడతాడు. పై షీటులో ఏవేవో చిన్న చిన్న బోర్డులు, బొమ్మ కార్లవి, లైట్లవి. వాటి మధ్య రెండు వరసలు అతనివి. రిలే కూర్చునే చోటు, కంప్రెసర్ వైరు వచ్చే పెద్ద రంధ్రాలు, చిప్పు పెట్టే చదరం. అన్నీ అతనివే. ఒక్కటే లేదు. సంతోషమ్మ ఉండాల్సిన చోట చక్రా బోర్డ్స్ అని ఉంది.

అతను కోపంతో అరవలేదు. చెయ్యి చాచి, బొటనవేలితో అంచు తడిమాడు. ముందు ఎడమ పక్క. బెంగుళూరువాడే అయ్యుంటాడని అతని నమ్మకం. నున్నగా ఉంది. కుడి పక్క తడిమాడు. నున్నగానే ఉంది. మళ్ళీ ఎడమ పక్కకు వచ్చాడు. కళ్ళు మూసుకుని తడిమాడు.

"పూడ్చేసినావా?" అని అడిగాడు.

"ఏంది పూడ్చేది?" చక్రధర్‌కి నిజంగానే అర్థం కాలేదు.

గ్రేసీ వచ్చి షీటు మీదికి వంగింది. ఆమె ముఖంలో నవ్వు మాయమైంది. "పూడ్చలేదు మామా. పూడ్చినా ఆ పక్కనున్న రాగిగీత వంకర అట్నే ఉండాల గదా. ఇది సక్కగా పోతాండాది." పక్క బోర్డు అంచు కూడా చూసింది. "ఇది గాట్లు పెట్టకముందు బొమ్మ. మన ఇంట్లోది."

సుకుమార్ తల తిప్పి ఆమెను చూశాడు.

అలా చూడకుండా ఉండాల్సింది. చూపు ఒకసారి వదిలాక రాయి లాంటిదే, వెనక్కి రాదు. గ్రేసీ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

"అట్ల సూడొద్దు మామా. నేనిచ్చేదాన్నైతే నీకు చెప్పి, నీతో తన్నులు తిని ఇచ్చిందును."

నిజమే. ఆ పిల్ల అంతే. సుకుమార్‌కి సిగ్గేసింది, కానీ ఆ సిగ్గు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చక్రధర్ వైపు తిరిగాడు.

"ఎప్పుడు చేసినావు ఇవి?"

ఇక దాచి లాభం లేదని చక్రధర్ అనుకున్నట్టున్నాడు. గొంతులో స్నేహం తీసేసి వ్యాపారం పెట్టాడు. "అయిపోయినాయి. సోమవారానికి కావల్సినవన్నీ. నేను దొంగిలించలేదప్పా, బొమ్మ నా టేబులు మీదికి వచ్చింది. చెయ్యమన్నారు, చేసినా."

"ఎవురు?"

"అది నన్నడగొద్దు."

"అయిపోయుంటే టీ ఎందుకు పోసినావు? భూతద్దం ఎందుకు సూపించినావు? పంపించేసుకో పలమనేరుకు."

"పంపిస్తే ఏం లాభం? బొమ్మ ఉండాది, ప్రాణం లేదు." చక్రధర్ షీటు మీద చిప్పు పెట్టే ఖాళీ చదరాన్ని వేలితో తట్టాడు. "చిప్పులో మీరు రాసిన ప్రోగ్రాము ఈ ఫైల్లో లేదు. ఎంతసేపు ఆగాలో, ఎప్పుడు తిప్పాలో అంతా అందులో గదా ఉండేది. పాత బోర్డు నుంచి తీద్దామంటే తాళమేసినారు. మా ఇంజనీర్లు వారం నుంచీ తంటాలు పడతాండారు. అది నువ్వు ఎక్కిస్తే సోమవారం మన ఇద్దరిదీ. ఎక్కించకపోతే పాలు విరుగుతాయి, శకుంతలమ్మ దిగిపోతాది, ఉత్తరాదోడొస్తాడు. నాకేమీ పోదు. షీటులో రెండు వరసలు, పారేస్తా."

బోను ఎంత బాగా కట్టాడో చూడండి. అతను కాదంటే తనను నిలబెట్టిన మనిషి పడిపోతుంది. ఔనంటే వాళ్ళమ్మ పడిపోతుంది. తలుపు ఒక్కటే, దాని తాళం మాత్రం సుకుమార్ చేతికే ఇచ్చాడు, లోపలికి పోయి తనంతట తానే బిగించుకోమని.

"పాపకు ఈడే ఉద్యోగం ఇస్తా" అన్నాడు చక్రధర్ మెల్లిగా. "డిజైనులో. మంచి చెయ్యి."

"నా చెయ్యి సంగతి మా మామ సూసుకుంటాడు సార్" అంది గ్రేసీ, ముక్కు తుడుచుకుంటూ.

సుకుమార్ షీటు అందుకున్నాడు. అంచున ఉన్న ఒక బోర్డును రెండు చేతులతో పట్టి వంచాడు. గీత వెంబడి టప్పున విరిగి చేతికొచ్చింది. బల్ల దగ్గర పనిచేసే ఆడవాళ్ళు తలలెత్తి చూశారు. చక్రధర్ వద్దనలేదు.

అప్పుడు జేబులో ఫోను మోగింది. తీసి చూస్తే తెర మీద శకుంతలక్క.

ఎత్తొద్దని సుకుమార్‌కి లోపలెక్కడో అనిపించింది. ఎత్తాడు.

"తమ్ముడూ, చక్రధర్ కాడే ఉండావు గదా?"

ఎక్కడున్నావని అడగలేదు. ఉండావు గదా అంది. ఇక్కడికొస్తున్నట్టు ఇంట్లో పెళ్ళానికి తెలియదు. వెనక కూర్చున్న పిల్లకు దారిలోగానీ తెలియలేదు. గేటు మనిషి మాత్రం పేరు పెట్టి పిలిచాడు. సుకుమార్‌కి శకుంతలమ్మ కొంగున పడిన ముడి కళ్ళ ముందు కదిలింది. ఆ పెన్‌డ్రైవ్ ఆమె చేతిలో పెట్టేటప్పుడు గాటు పెట్టాలని అతనికి తోచలేదు. సొంతదానికి గాటెందుకని నాయన చెప్పాడు. సొంత మనిషి సంగతి నాయన ఏమీ చెప్పలేదు.

"బొమ్మ ఇచ్చింది నువ్వేనా అక్కా?"

అటు పక్క పాల క్యాన్లు ఒకదానికొకటి తగిలే చప్పుడు మాత్రం వినబడింది.

"నేనే" అంది శకుంతలమ్మ. "నీ అంతట నువ్వు వాని గడప తొక్కవు. అన్ని వాకిండ్లూ మూసుకుంటే గానీ పోవు. ఈ పొద్దు పోతావని లెక్కేసి వానికి చెప్పినా. సోమవారం ఎవురి కోసమూ ఆగదు తమ్ముడూ. పాలు అసలే ఆగవు. తిట్టుకో నన్ను, పడతా. ఒప్పుకోని బోర్డులు తీసుకోనిరా."

"తిట్టనక్కా. బొమ్మ ఇచ్చినావు, నా మంచికే అనుకుంటా. వీడు దాని మీద మా అమ్మ పేరు తుడిచేసినాడు. అది తెలుసా నీకు?"

చక్రధర్ ఎందుకో అద్దాల తలుపు వైపు తిరిగి నిలబడ్డాడు.

"వాడు తుడవలేదు" అంది శకుంతలమ్మ. గొంతు బాగా తగ్గిపోయింది, పక్కన ఎవరో వింటున్నట్టు. "వాడు పేరు మార్చాలని తర్వాత అనుకున్నింటాడు. ముందు తీసెయ్యమని చెప్పింది నేను."

సుకుమార్ చేతిలో బోర్డు విరిగిన అంచు అరచేతిలో గుచ్చుకుంటోంది.

"ఎందుకో అడగొద్దు తమ్ముడూ. అడిగితే నోరు తెరిచి చెప్పాల్సొస్తాది. చెప్పినాక నువ్వు నన్ను అక్కా అనలేవు."

బుట్టలో వేసిన పేపరు కప్పులు గుర్తొచ్చాయి సుకుమార్‌కి. కిటికీ మీద బోర్లించిన గాజు గ్లాసు గుర్తొచ్చింది. నెత్తిన క్యానుతో, మెడ పక్కకు వాల్చి, మూత తీసేవాళ్ళ కోసం కేంద్రం బయట ఎండలో నిలబడిన వాళ్ళమ్మ గుర్తొచ్చింది.

"చెప్పక్కా" అన్నాడు. "ఈ తూరి మూత తీసే చెప్పు."